గ్రేస్ హాపర్ - కంప్యూటరుకు లైబ్రరీ కట్టిన గణిత అధ్యాపకురాలు

ఈ పాఠం చదవటానికి మీ దగ్గర కంప్యూటరు ఉండనక్కరలేదు. ఒక తెల్లకాగితం, పెన్సిలు ఉంటే చాలు. మధ్యలో ఒకటి రెండు చిన్న లెక్కలు వస్తాయి. వాటిని దాటివేయకుండా చేసి చూడండి.

ఈ రోజు కంప్యూటరు భాషలో ప్రోగ్రాము రాసేవారికి ఒక కోణం సైన్ విలువ కావాలంటే ఒక్క మాట రాస్తారు. వర్గమూలం కావాలంటే మరొక మాట. జవాబు వచ్చేస్తుంది. ఆ పని చేసే ఆదేశాలను ముందే ఎవరో రాసి, పరీక్షించి, ఆ భాషతోపాటే ఇచ్చే ప్రామాణిక లైబ్రరీలో ఉంచారు. వాడుకునేవారు దాని లోపలికి తొంగిచూడవలసిన అవసరం సాధారణంగా రాదు. కాని ఒక్క మాట రాస్తే అన్ని ఆదేశాలు ఎక్కడినుంచి వస్తాయి? వచ్చి మన ప్రోగ్రాములో ఎక్కడ కూర్చుంటాయి? వాటి మధ్య దారి తప్పకుండా యంత్రం ఎలా నడుస్తుంది? ఈ ప్రశ్నలకు తొలిరోజుల్లో పనిచేసే జవాబు కట్టి చూపినవారిలో గ్రేస్ హాపర్ ఒకరు. ఆమె జీవితం తెలుసుకుంటూ పోతే లైబ్రరీ లోపలి సంగతి కూడా చాలావరకు తెలుస్తుంది.

బాల్యం, చదువు

గ్రేస్ బ్రూస్టర్ మర్రే 1906 డిసెంబరు 9న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో పుట్టింది. ముగ్గురు పిల్లల్లో ఆమే పెద్దది. ఏడేళ్ళ వయసులో అలారం గడియారం ఎలా మోగుతుందో చూడాలని ఒకదాన్ని విప్పింది. విప్పటం వచ్చింది గాని బిగించటం రాలేదు. రెండోదాన్ని చూసి మొదటిది బిగించవచ్చని రెండోదీ విప్పింది. అలా ఏడు గడియారాలు విప్పేసరికి తల్లి గమనించి, ఇకమీదట ఒక్క గడియారంతోనే నీ ప్రయోగాలు చేసుకోమని కట్టడి చేసింది. గడియారం ముట్టుకోవద్దని మాత్రం అనలేదు.

తల్లి మేరీకి గణితమంటే ఇష్టం. కాని ఆమె చిన్నతనంలో ఆడపిల్లకు రేఖాగణితం దాటి చదివే వీలు దొరకలేదు. తండ్రి వాల్టర్ బీమా వ్యాపారంలో ఉండేవాడు. రక్తనాళాల జబ్బువల్ల ఆయన రెండు కాళ్ళూ తీసివేయవలసి వచ్చింది. తాను లేకపోయినా కూతుళ్ళు సొంతంగా సంపాదించుకోగలగాలి, కాబట్టి కొడుకుతో సమానంగా చదువుకోవాలి అన్నది ఆయన పట్టుదల.

చదువు అన్నివేళలా సాఫీగా సాగలేదు. వాసర్ కళాశాల ప్రవేశానికి రాసిన లాటిన్ పరీక్షలో గ్రేస్ తప్పింది. ఒక ఏడాది ఆగి మళ్ళీ రాసి చేరింది. 1928లో గణితం, భౌతికశాస్త్రాలతో డిగ్రీ పూర్తిచేసింది. 1930లో యేల్ విశ్వవిద్యాలయంలో ఎం.ఎ., 1934లో అక్కడే గణితంలో డాక్టరేటు. 1930లో విన్సెంట్ హాపర్ అనే సాహిత్య అధ్యాపకుణ్ణి వివాహం చేసుకోవటంతో ఆమె గ్రేస్ హాపర్ అయింది. 1945లో వారు విడిపోయారు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. 1931 నుంచి వాసర్‌లోనే గణితం బోధించారు.

యుద్ధం, అయిదు టన్నుల యంత్రం

1941 డిసెంబరులో అమెరికా రెండో ప్రపంచయుద్ధంలోకి దిగింది. హాపర్ నౌకాదళంలో చేరాలనుకున్నారు. వయసు ఎక్కువన్నారు. ఉండవలసిన దానికన్నా బరువు దాదాపు ఏడు కిలోలు తక్కువన్నారు. గణిత ఆచార్యులు పౌర ఉద్యోగంలో ఉంటేనే దేశానికి మేలన్నారు. ఆమె పట్టు వదలకుండా మినహాయింపులు సంపాదించి, 1943 డిసెంబరులో, ముప్పై ఏడేళ్ళ వయసులో, నౌకాదళపు రిజర్వు విభాగంలో చేరారు. శిక్షణలో తనకన్నా ఎంతో చిన్నవాళ్ళ మధ్య కూర్చుని మొదటి స్థానం తెచ్చుకున్నారు.

1944 జూలైలో ఆమెను హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని గణన విభాగానికి పంపారు. అక్కడ హోవార్డ్ ఐకెన్ అధికారంలో మార్క్ 1 అనే యంత్రం ఉంది. దాని పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు, బరువు సుమారు 5 టన్నులు. ఒక పెద్ద హాలంతా అదే ఆక్రమించుకుంది. సెకనుకు మూడు కూడికలు చేసేది. ఒక గుణకారానికి ఆరు సెకన్లు. సైన్ విలువకో, లాగరిథమ్‌కో నిమిషం పైనే పట్టేది. ఈనాటి దృష్టితో ఇది నవ్వు తెప్పించవచ్చు. కాని 23 అంకెల సంఖ్యలను రాత్రింబవళ్ళు తప్పులేకుండా గుణించే మనిషి ఎక్కడా దొరకడు.

హాపర్ అడుగుపెట్టిన రోజే ఐకెన్ ఆమెకు యంత్రాన్ని చూపి, ఆర్క్ టాంజెంట్ అనే త్రికోణమితి ప్రమేయానికి కావలసిన గుణకాలను వచ్చేవారానికల్లా కట్టి ఇమ్మన్నాడు. యంత్రానికి ఆదేశాలు ఎలా ఇవ్వాలో నేర్పే పుస్తకం లేదు. తర్వాత ఆ పుస్తకం రాసే పని కూడా ఆమెకే అప్పగించాడు. 1946లో అచ్చయిన ఆ సంచాలన గ్రంథం అయిదు వందల పేజీలు దాటింది.

నోటుపుస్తకాల లైబ్రరీ

మార్క్ 1కు ఆదేశాలను కాగితపు పట్టీ మీద రంధ్రాలుగా ఇచ్చేవారు. యంత్రంలోనే సైన్ కట్టే భాగం ఒకటి ఉంది గాని, అది ఎప్పుడూ పూర్తి 23 అంకెల వరకు లెక్కకట్టేది. పది అంకెలు చాలుననుకున్నా ఆగేది కాదు. అందువల్ల హాపర్, ఆమె సహోద్యోగులు రిచర్డ్ బ్లాక్, రాబర్ట్ కాంప్‌బెల్ చిన్న చిన్న ఆదేశమాలికలు సొంతంగా రాసుకున్నారు. ఫలానా హద్దులోని కోణానికి పది అంకెల సైన్ విలువ, ఫలానా పద్ధతిలో వర్గమూలం - ఇలాంటివి. ఒక పెద్ద ప్రోగ్రాములో భాగంగా ఇమిడిపోయే ఇలాంటి చిన్న మాలికను సబ్‌రొటీను అంటారు.

ఒకసారి రాసి, యంత్రం మీద నడిపి, సరిగా వచ్చిందని తేలితే దాన్ని నోటుపుస్తకంలో ఎక్కించేవారు. ఇంకొకరికి అదే అవసరమైతే పుస్తకం అడిగి తీసుకుని తమ ప్రోగ్రాములోకి ఎత్తిరాసుకునేవారు. లైబ్రరీ అన్న ఆలోచనకు ఇంతకన్నా సరళమైన రూపం ఉండదు.

సైన్ సబ్‌రొటీను లోపల ఏముంటుంది? యంత్రానికి కోణమంటే తెలియదు, త్రిభుజమంటే తెలియదు. కూడటం, తీసివేయటం, గుణించటం, భాగించటం, రెండు సంఖ్యలను పోల్చటం - దాదాపు ఇంతే తెలుసు. సైన్‌ను ఆ పనుల్లోకి దించాలి. అందుకు ఒక శ్రేణి ఉంది. కోణాన్ని రేడియన్లలో తీసుకోండి. దాని ఘనాన్ని 6తో భాగించి కోణంలోనుంచి తీసివేయండి. కోణం అయిదో ఘాతాన్ని 120తో భాగించి కలపండి. ఏడో ఘాతాన్ని 5040తో భాగించి తీసివేయండి. కోణం 0.5 అనుకుంటే 0.5 నుంచి 0.0208333 తీసివేసి, 0.0002604 కలిపి, 0.0000016 తీసివేయాలి. 0.4794255 వస్తుంది. పట్టికలో 0.5 రేడియన్ల సైన్ విలువ చూడండి. ఏడు దశాంశాల దాకా ఇదే. ఈ శ్రేణి మనకు పరాయిది కాదు. కేరళలో పద్నాలుగో శతాబ్దంలో మాధవుడు, ఆయన శిష్యపరంపర దీన్ని ఎరిగి ఉన్నారు.

కోణం పెద్దదైతే ఇన్ని పదాలు చాలవు. కాబట్టి సబ్‌రొటీను ముందుగా కోణాన్ని చిన్న హద్దులోకి తెచ్చుకుని, ఆ తర్వాతే శ్రేణి కడుతుంది. ఈనాటి ప్రామాణిక లైబ్రరీలు కూడా సాధారణంగా ఇదే వరుసలో నడుస్తాయి. 6, 120 వంటి వాటికి బదులు, పొరపాటు అన్ని చోట్లా సమానంగా తగ్గేటట్లు కొద్దిగా సవరించిన గుణకాలు వాడతాయి, అంతే తేడా.

ఎత్తిరాయటంలో వచ్చిన చిక్కు

నోటుపుస్తకం పద్ధతిలో రెండు దోషాలు కనిపించాయి. మొదటిది చేతిరాత. బి అనే ఇంగ్లీషు అక్షరం 13లాగా కనిపించేది. డెల్టా అనే గ్రీకు అక్షరం 4 అయిపోయేది. రెండవది లెక్క. ఇది ముందుముందు వచ్చిన యంత్రాలతో ఇంకా పెరిగింది కనుక కాస్త నిదానంగా చూద్దాం.

ఒక వీధిలో మీ ఇల్లు ఎక్కడని అడిగితే రెండు రకాలుగా చెప్పవచ్చు. వీధి మొదటినుంచి తొమ్మిదో ఇల్లు అనవచ్చు. లేదా ఊరంతటికీ వేసిన నెంబర్లలో ఫలానా నెంబరు అనవచ్చు. సబ్‌రొటీనులో ఆదేశాలకు 0 నుంచి వరుససంఖ్యలు వేసి, 4వ వరుసకు తిరిగి వెళ్ళు అని రాశారనుకోండి. అది వీధి లెక్క. దాన్ని పెద్ద ప్రోగ్రాములో 230వ స్థానం నుంచి ఎక్కిస్తే ఆ 4 కాస్తా 234 కావాలి. అది ఊరి లెక్క. అలాంటి ప్రతి చిరునామాకూ 230 కలపాలి. అయితే సైన్ శ్రేణిలోని 6కు, 120కి కలపకూడదు. అవి చిరునామాలు కావు, విలువలు. ఏది చిరునామా, ఏది విలువ అని చూసుకుంటూ డజన్లకొద్దీ కూడికలు చేతితో చేయాలి. ఒక్కచోట 234 బదులు 243 పడిందా, యంత్రం తప్పుడు ఇంట్లోకి వెళ్ళి కూర్చుంటుంది. ఆ తప్పు పట్టుకోవటానికి రోజులు పడుతుంది.

హాపర్‌కు ఇందులో ఒక విచిత్రం కనిపించింది. చూసి రాయటంలో, కూడటంలో మనుషులు తప్పులు చేస్తారు. ఎదురుగా ఉన్న యంత్రమేమో చూసి రాయటం, కూడటం తప్ప మరేమీ అంత బాగా చేయదు. మరి ఆ పని దానికే ఎందుకు అప్పగించకూడదు?

ఇక్కడ ఒక చిన్న సంగతి. మార్క్ 2 యంత్రంలో రెండు లోహపు పలకల మధ్య చిక్కి చచ్చిన ఒక చిమ్మటను 1947 సెప్టెంబరు 9న దినచర్య పుస్తకంలో అంటించారు. ప్రోగ్రాములో తప్పును పురుగు అనే అలవాటు అక్కడ పుట్టిందనీ, ఆ పురుగును పట్టింది హాపరేననీ చాలాచోట్ల రాస్తుంటారు. రెండూ నిజం కావు. ఇంజనీర్లలో ఆ మాట అంతకుముందునుంచే ఉంది. పురుగును పట్టింది అక్కడి సిబ్బంది. ఆ కథను అందరికీ రుచిగా చెప్పి ప్రచారంలోకి తెచ్చింది మాత్రం ఆమె.

ఫిలడెల్ఫియాలో

యుద్ధం ముగిశాక నౌకాదళపు శాశ్వత ఉద్యోగానికి వయసు మించిందన్నారు. హార్వర్డ్‌లో ఆడవారికి శాశ్వత ఆచార్య పదవి వచ్చే దారి లేదు. వాసర్ తిరిగి రమ్మంది గాని, యంత్రాలను విడిచి వెళ్ళటానికి ఆమె మనసు ఒప్పలేదు. 1949లో ఫిలడెల్ఫియాలో ఎకర్ట్, మాక్లీ పెట్టిన కంప్యూటరు సంస్థలో చేరారు. మరుసటి ఏడాది ఆ సంస్థను రెమింగ్టన్ రాండ్ కొనేసింది. ఈ మార్పుల కాలంలో ఆమె మద్యానికి అలవాటుపడి చాలా క్రుంగిపోయారని జీవితచరిత్రకారులు రాశారు. మిత్రుల అండతో తేరుకున్నారు. గొప్ప పని చేసిన ఏళ్ళు ఈ ఏళ్ళ వెంటనే వచ్చాయి.

అక్కడ తయారవుతున్న యూనివాక్ యంత్రంలో ఆదేశాలను కూడా జ్ఞాపకంలోనే ఉంచేవారు. ఆ జ్ఞాపకం 1000 పదాలు, ఒక్కొక్క పదంలో 12 అక్షరాలు. సబ్‌రొటీన్లను నోటుపుస్తకానికి బదులు అయస్కాంత టేపు మీద ఉంచవచ్చు. హాపర్ ప్రతి సబ్‌రొటీనుకు ఒక పిలుపు గుర్తు ఇచ్చారు. ఇక ప్రోగ్రాము రాసేవారు ఏ గుర్తుగల సబ్‌రొటీను, ఏ విలువల మీద, ఏ వరుసలో కావాలో మాత్రం రాస్తే సరిపోతుంది. ఎ-0 అనే ఆమె ప్రోగ్రాము ఆ జాబితా చదివి, టేపు మీద సబ్‌రొటీనును వెదికి, ఎత్తిరాసి, చిరునామాలన్నిటికీ కలపవలసినది కలిపి, పూర్తి ప్రోగ్రాము తయారుచేసి ఇస్తుంది. నలుమూలలనుంచి ఏరి కూర్చేది కనుక దానికి కంపైలరు అని పేరుపెట్టారు. 1951 చివరలో మొదలుపెట్టి 1952 మే నాటికి ముగించారు. ఆ నెలలోనే పిట్స్‌బర్గ్‌లో జరిగిన సమావేశంలో దాన్ని గురించి పత్రం సమర్పించారు.

అందులో ఒక ముడి చాలా అందంగా విప్పారు. ఎ-0 జాబితాను మొదటినుంచి చివరివరకు ఒకే దఫాలో చదువుకుంటూ పోతుంది. వెనక్కి వెళ్ళు అనే ఆదేశం వస్తే బాధ లేదు. వెనక ఉన్నదాని చిరునామా తెలిసే ఉంది. కాని ముందుకు దూకు అన్నప్పుడు, ముందు రాబోయే సబ్‌రొటీను ఏ స్థానంలో కూర్చుంటుందో ఇంకా తెలియదు. ఎలా?

హాపర్‌కు వాసర్‌లో ఆడిన బాస్కెట్‌బాల్ గుర్తుకువచ్చింది. అప్పటి ఆడవారి నియమాల ప్రకారం బంతి చేతిలో ఉండగా అడుగు వేయకూడదు. అందుకని బంతిని పక్కనున్న జట్టుమనిషికి విసిరి, తాను ముందుకు పరుగెత్తి, అక్కడ తిరిగి అందుకునేవారు. ఆమె జ్ఞాపకం చివర కొంత చోటు ఖాళీగా అట్టిపెట్టారు. ముందుకు దూకవలసి వస్తే తాత్కాలికంగా ఆ మూలలోని ఒక స్థానానికి దూకమని రాసి, ఫలానా సబ్‌రొటీను కోసం కబురు ఉందని ఒక గుర్తు పెట్టేవారు. ఆ సబ్‌రొటీను వంతు వచ్చి దాని చోటు ఖాయమయ్యాక, ఎ-0 ఆ కబురు చూసుకుని, మూలలోని స్థానంలో అసలు చిరునామాకు రెండో దూకుడు రాసేది. నడిచేటప్పుడు యంత్రం మూలకు వెళ్ళి, అక్కడినుంచి గమ్యానికి వెళ్తుంది. బంతి చేరవలసిన చేతికి చేరుతుంది.

ఈనాడు కంపైలరు అంటే భాషను యంత్రాదేశాలుగా మార్చేది. ఆ అర్థంలో చూస్తే ఎ-0 కంపైలరు కాదు. లైబ్రరీ భాగాలను ఏరి, చిరునామాలు సరిచేసి అతికించే లింకరుకు అది దగ్గర. ఈ మాట చెప్పటం ఆమె గొప్పను తగ్గించటం కాదు. ఈనాటి ప్రోగ్రాముల్లో కూడా లైబ్రరీని ఇంకా తెలియని చిరునామాతో పిలిచి, తర్వాత ఒక పట్టికలో దాన్ని పూరించే పద్ధతి ఉంది. ఆ మూల ఖాళీచోటుకు అది దూరపు చుట్టమే.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కూడా ఈ పని జరుగుతోంది. 1949లో నడవటం మొదలుపెట్టిన ఎడ్సాక్ యంత్రానికి విల్క్స్, వీలర్, గిల్ సబ్‌రొటీన్ల లైబ్రరీ కట్టారు. వాటిని కాగితపు టేపు చుట్టలుగా బీరువాలో పెట్టుకునేవారు. ఒకే సబ్‌రొటీనును ఎక్కడినుంచి పిలిచినా, పని ముగిశాక పిలిచిన చోటికే తిరిగి వెళ్ళే ఉపాయం డేవిడ్ వీలర్‌ది. 1951లో వారు దీన్ని పుస్తకంగా కూడా ప్రచురించారు. ఒకే అవసరం రెండు దేశాల్లో రెండు దారులు తీయించింది.

నమ్మనివారి మధ్య

ఎ-0 పనిచేస్తోందంటే చాలామంది నమ్మలేదు. యంత్రం లెక్కలు చేస్తుంది గాని ప్రోగ్రాములు రాయదని వాదించారు. ప్రోగ్రాములు రాసే నిపుణుల్లో కొందరికి తమ విద్య చవకైపోతుందన్న భయం కూడా ఉండవచ్చు. హాపర్ వాదనకు దిగకుండా మెరుగుపరుస్తూ పోయారు. 1953లో ఎ-2 వచ్చింది. యూనివాక్ కొన్నవారికి దాన్ని మూలరూపంతో సహా ఇచ్చి, బాగుచేసిన మార్పులుంటే పంపమని కోరారు. లోపల ఏముందో దాచకుండా ఇవ్వటం ఆ కాలానికి విశేషమే. ఈనాడు గ్నూ సి లైబ్రరీ వంటివి ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు.

తర్వాత ఆమె గణిత సంకేతాలు ఎరుగని గుమాస్తాలవైపు చూశారు. జీతాల లెక్క, సరుకుల లెక్క చేసేవారు మామూలు ఇంగ్లీషు మాటలతో ఆదేశాలు ఇవ్వగలగాలన్నారు. 1955లో ఒక చిన్న నమూనా తయారుచేసి, అదే ప్రోగ్రామును ఇంగ్లీషులో, ఫ్రెంచిలో, జర్మనులో నడిపి చూపారు. యంత్రానికి ఏ మాటైనా అక్షరాల గుర్తే కదా అని ఆమె ఉద్దేశం. చూసిన పైఅధికారులు బెదిరిపోయారు. ఫిలడెల్ఫియాలో తయారైన అమెరికా యంత్రానికి ఫ్రెంచి, జర్మను ఎలా అర్థమవుతాయని వారి సందేహం! ఇంగ్లీషు ఒక్కటే అని మాట ఇచ్చి, వారిని ఒప్పించటానికి ఆమెకు నెలలు పట్టింది. అలా వచ్చిన భాష ఫ్లో-మాటిక్.

1959 మే నెలలో అమెరికా రక్షణశాఖ ఆధ్వర్యంలో సమావేశమైనవారు వ్యాపార లెక్కలకు అన్ని కంపెనీల యంత్రాల మీద నడిచే ఒకే భాష కావాలని నిర్ణయించారు. దాన్నుంచి కోబాల్ పుట్టింది. కోబాల్ తల్లి అని హాపర్‌ను అంటుంటారు. నిజానికి ఆ భాషను రూపొందించింది ఒక సంఘం. జీన్ సామెట్ వంటి వారు అందులో ముఖ్యంగా పనిచేశారు. హాపర్ సలహాదారు. కాని దానికి పునాది రాళ్ళు ఫ్లో-మాటిక్ నుంచే వచ్చాయి. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రామును రెండు వేర్వేరు కంపెనీల యంత్రాల మీద నడిపి చూపారు.

తిరిగి నౌకాదళంలో

రిజర్వు దళం నుంచి 1966 చివరన ఆమెకు విశ్రాంతి ఇచ్చారు. ఏడెనిమిది నెలలు తిరగకుండానే, 1967 ఆగస్టులో, ఆరు నెలల పనికని మళ్ళీ పిలిచారు. నౌకాదళంలో ఒక్కొక్క కార్యాలయం ఒక్కొక్క రకం కోబాల్ వాడుతోంది. కంపైలరు ప్రమాణాల ప్రకారం ఉందో లేదో పరీక్షించే ప్రోగ్రాములు తయారుచేయించటం ఆమె పని. ఆ ఆరు నెలలు దాదాపు పంతొమ్మిదేళ్ళు సాగాయి. 1969లో ఒక వృత్తిసంఘం ఆమెకు ఆ ఏటి మేటి కంప్యూటరు పురుషుడు అనే బిరుదు ఇచ్చింది. బిరుదు పేరు పెట్టినప్పుడు ఆడవారికి ఇవ్వవలసి వస్తుందని వారు ఊహించినట్లు లేదు.

ఉపన్యాసాలకు వెళ్ళినప్పుడు సుమారు 30 సెంటీమీటర్ల తీగముక్కలు వెంట తీసుకువెళ్ళి పంచేవారు. సెకనులో వంద కోట్లవ వంతు కాలంలో విద్యుత్తు అంతకుమించి ప్రయాణం చేయలేదని చెప్పి, యంత్రం చిన్నదైతేనే ఎందుకు వేగం పెరుగుతుందో చేతిలో పెట్టి చూపేవారు. 1985లో రియర్ అడ్మిరల్ హోదా వచ్చింది. 1986 ఆగస్టు 14న, 79 ఏళ్ళ వయసులో, బోస్టన్ రేవులోని కాన్‌స్టిట్యూషన్ అనే పాత యుద్ధనౌక మీద ఆమెకు వీడ్కోలు జరిగింది. ఆ తర్వాత కూడా ఇంట్లో కూర్చోకుండా ఒక కంప్యూటరు కంపెనీకి సలహాదారుగా పనిచేశారు. 1992 జనవరి 1న మరణించారు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సైనిక లాంఛనాలతో ఖననం చేశారు. 1997లో నౌకాదళంలో చేరిన ఒక యుద్ధనౌకకు ఆమె పేరు పెట్టారు. 2016లో అమెరికా అధ్యక్షుని స్వాతంత్ర్య పతకం ఆమె తరఫున ఆమె కుటుంబానికి అందింది.

చేసి చూడండి

0 నుంచి 11 వరకు వరుసలున్న ఒక సబ్‌రొటీనును 340వ స్థానం నుంచి ఎక్కించారు. అందులో 8వ వరుసలో, పని ముగియకపోతే 3వ వరుసకు వెళ్ళు అని ఉంది. 5వ వరుసలో 120 అనే విలువ ఉంది. ఎక్కించాక ఆ రెండు సంఖ్యలు ఏమవుతాయి? తర్వాతి సబ్‌రొటీను ఏ స్థానంనుంచి మొదలుకావచ్చు?

జవాబు: 3 అనేది 343 అవుతుంది. 120 మారదు. తర్వాతి సబ్‌రొటీను 352 నుంచి మొదలుకావచ్చు. మీకు 351 వచ్చిందా? సున్నానుంచి లెక్కపెట్టామని గుర్తుచేసుకుని మరోసారి చూడండి.